వెలుగు రాకముందే లేచిన అల

"మీ గీత తప్పేమో అత్తయ్యా" అని కోడలు భోజనాల బల్ల దగ్గర అన్న రోజు నుంచి ఆ ఇంట్లో మాటలకు కరువొచ్చింది. ఆ మాట విని అత్తగారు ఎత్తిన మంచినీళ్ల గ్లాసును ఎత్తినట్టే దించి, కుర్చీ వెనక్కి జరిపి, తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. పోయిన వారం మనం వాళ్లను వదిలి వచ్చింది అక్కడే. ఆ తలుపు తెల్లారి తెరుచుకుంది గానీ నోళ్లు తెరుచుకోలేదు. కొడుకు పళ్ల డాక్టరు. పొద్దస్తమానం ఊళ్లోవాళ్ల నోళ్లు తెరిపించేవాడు తన ఇంట్లో రెండు నోళ్లు తెరిపించలేక, ఇద్దరికీ కలిపి ఒకే డబ్బాలో మధ్యాహ్నం భోజనం కట్టడం మొదలుపెట్టాడు. తిన్నా తినకపోయినా ఒకచోట కూర్చోక తప్పదు కదా అని వాడి వైద్యం. అత్తగారు వారమంతా ఏవో మీటింగులున్నాయని బయటే తిన్నది.

ఇద్దరూ పనిచేసేది ఒకే పరిశోధనశాలలో. అక్కడ అత్తగారు శాఖాధిపతి, అందరికీ పెద్దమేడమ్. కోడలు చిన్నమేడమ్. గుమ్మం దాటి లోపలికొస్తే అత్తా లేదు, కోడలూ లేదు, ఇద్దరూ మేడమ్‌లే. ఆ నియమం పెట్టింది పెద్దమేడమే.

ఇక ఆ గీత సంగతి. గోరంత సెమీకండక్టర్ పలక ఒకటి. దాంట్లో కంటికి ఆనని దిబ్బలు లక్షల్లో ఉంటాయి, ఒక్కో దిబ్బలో ఒక్కో ఎలక్ట్రాన్. ప్రతి ఎలక్ట్రాన్‌కూ స్పిన్ అనే గుణం ఉంటుంది. బొంగరం ఇరుసులాగా అది ఏదో ఒక దిక్కు చూపిస్తూ ఉంటుంది. రెప్పపాటును వేల కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్కంత సేపు మెరిసే లేజర్ పల్స్ వాటిని తాకిందంటే, స్పిన్‌లన్నీ ఒక్కసారిగా ఒకే పక్కకు ఒరుగుతాయి. పక్కనున్న అయస్కాంతం వాటిని గిరగిరా తిప్పుతుంది. అయితే ఏ రెండు దిబ్బలూ ఒక్కలా ఉండవు, కాబట్టి ఏ రెండు స్పిన్‌లూ ఒకే వేగంతో తిరగవు. చూస్తూండగానే పొత్తు చెడుతుంది. కంప్యూటర్ తెర మీద ఎగసిపడిన అలలు సన్నబడి, సన్నబడి, చదునైన గీతగా మిగులుతాయి. గీత పడ్డాక ఏమీ ఉండదనీ, చెదిరిన గుంపు తనంతట తాను మళ్లీ కలవదనీ పెద్దమేడమ్ తన పడుచు వయసులో చెప్పింది. పాఠ్యపుస్తకాల్లో దానికి ఆవిడ పేరే పెట్టారు.

ఆ గీత తరవాత కూడా ఏదో ఉందని ఇప్పుడు కోడలు వ్యాసం రాసింది. రేపు కమిటీ వస్తోంది. పెద్దమేడమ్ పదవీ విరమణ దగ్గరపడింది, వాళ్ల లేజర్ గదిలో కొత్తగా తేలేది కూడా ఏమీ లేదు, బల్లలు విప్పేసి గదిని వేరే శాఖకు ఇచ్చేద్దామని పైవాళ్ల ఆలోచన. వ్యాసం ఈలోపు పత్రికకు వెళ్తే గది నిలుస్తుంది. వెళ్లాలంటే శాఖాధిపతి సంతకం కావాలి.

ఆ పొద్దున పెద్దమేడమ్ గుమ్మానికి వేలాడే నల్లటి తెర పక్కకు లాగి, చెప్పాపెట్టకుండా లేజర్ గదిలోకి వచ్చింది.

లోపల కోడలూ, చలిమామా ఉన్నారు. పలకను గడ్డ కట్టించే చలికన్నా ఎంతో చల్లగా ఉంచడానికి ద్రవ హీలియం కావాలి. దాన్ని పీపాల్లో తెచ్చి నింపే పెద్దాయన్ను అందరూ చలిమామ అంటారు. ఆయన పెద్దమేడమ్ ముఖం చూశాడు, చిన్నమేడమ్ ముఖం చూశాడు, చేతి తొడుగులు విప్పేశాడు.

"సాయంత్రం దాకా సరిపడా నింపానమ్మా. మీరిద్దరూ ఒక గదిలో ఉంటే నా హీలియం మరిగిపోయేట్టుంది, నేను మెట్ల దగ్గరుంటా" అని గబగబా బయటపడ్డాడు.

అత్త మీద కోపం దుత్త మీద చూపిద్దామన్నా ఆ గదిలో దుత్తలు లేవు. గాలిదిండ్ల మీద తేలే ఉక్కుబల్ల, దాని నిండా వేలెడంత కమ్మీలకు బిగించిన అద్దాలు. ఒక్కదాన్ని మోచెయ్యి తాకినా నెల రోజుల పని నేలపాలు. అందుకే కోడలు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

"కళ్లద్దాలు ఇవ్వు" అంది పెద్దమేడమ్. వారం రోజుల్లో అదే మొదటి మాట.

కోడలు లేజర్ కళ్లద్దాలు అందించింది. ఆవిడ వాటిని పెట్టుకుని తెర ముందు కూర్చుంది. తెర మీద కోడలి వ్యాసంలో ఉన్న బొమ్మే ఉంది. ఎడమ పక్క పల్స్ తాకిన చోట నిటారుగా లేచిన అలలు. తరవాత అవి సన్నబడి గీత. గీత చాలాదూరం అలాగే సాగింది. కుడి పక్క, తరవాతి పల్స్ ఇంకా రాకముందే, గీత మెల్లగా వణికింది. వణుకు పెరిగింది. అలలయింది. సరిగ్గా పల్స్ వచ్చే చోటికి అవి బాగా ఎత్తు లేచాయి.

"ఇదేమిటో తెలుసా?" అంది పెద్దమేడమ్.

"తెలుసనే అనుకుంటున్నాను మేడమ్."

"పలక ఉన్న ఉక్కు గుండిగ కిటికీ గాజు మీంచి తిరిగొచ్చిన మెరుపు. ముందు వెళ్లిన పల్స్‌లో పిసరంత ముక్క ఎక్కడెక్కడో తిరిగి ఆలస్యంగా వచ్చి పలక మీద పడుతోంది. దానికి నువ్వు మురిసిపోయి నామకరణం చేశావు."

"మెరుపయితే ఠక్కున లేచి తగ్గాలి కదా మేడమ్. ఇది చిన్నగా మొదలై పెరుగుతోంది. గాజును కాస్త ఏటవాలుగా తిప్పి కూడా చూశాను, అల చోటు కదల్లేదు."

"అయితే నువ్వే చెప్పు, పల్స్ రాకముందే అవెందుకు లేస్తాయి? చప్పుడు కాకముందు ప్రతిధ్వని వినపడుతుందా?"

కోడలు గొంతు సవరించుకుంది. ఈ ప్రశ్నకు జవాబు వారం రోజులుగా స్నానం చేస్తూ, గిన్నెలు కడుగుతూ తనలో తాను చెప్పుకుంటూనే ఉంది.

"గుండ్రటి మైదానంలో పిల్లలు పరిగెడుతున్నారనుకోండి. ఒక్కొక్కరిది ఒక్కో వేగం. మనం కొంచెంసేపటికోసారి విజిల్ వేస్తున్నాం. విజిల్ వేసేసరికి బయల్దేరిన చోట ఉన్నవాళ్ల వీపు మీదే ఒక తోపు తోస్తాం. మిగతావాళ్లకి తోపు సరిగా తగలదు, వాళ్లు డీలా పడతారు. అలా వేసుకుంటూ పోతే చివరికి ఎవరు మిగులుతారు? రెండు విజిళ్ల మధ్య సరిగ్గా అయిదు చుట్లో, ఆరు చుట్లో, ఏడు చుట్లో పూర్తి చేసేవాళ్లు. మధ్యలో చూస్తే మైదానమంతా చెల్లాచెదురే. మీ గీత అదే మేడమ్, అది నిజమే. కానీ విజిల్ వేసే వేళకి, ఎవరూ పిలవకుండానే, అందరూ బయల్దేరిన చోటికి వచ్చేస్తారు."

పెద్దమేడమ్ పరీక్షల్లో ఎంతమందిచేతో నీళ్లు నమిలించిన మనిషి. ఎదుటివాళ్లు చెప్పేది నచ్చకపోతే, చెప్పడం పూర్తికాకముందే కనుబొమ ఎగరేస్తుందని పేరు. ఇప్పుడు కనుబొమ ఎగరలేదు.

"విజిళ్ల మధ్య ఎడం మార్చావా?" అంది.

కోడలికి ఆ సంగతి తట్టనే లేదు. "లేదు మేడమ్."

"పల్సుల్ని ఒకటి వదిలి ఒకటి పంపు. ఎడం రెట్టింపవుతుంది. నేనన్నట్టు ఇది తిరిగొచ్చిన మెరుపయితే పాత పల్స్‌కి ఎంత దూరంలో ఉందో అంత దూరంలోనే ఉండిపోతుంది. కొత్తగా వచ్చే పల్స్ ముందు ఉత్త గీతే ఉంటుంది. నువ్వన్నట్టయితే ఇది కదిలి వెళ్లి మళ్లీ ఆ కొత్త పల్స్ ముందే నిలబడాలి." ఆవిడ కుర్చీ తెర దగ్గరికి లాక్కుంది. "ఈ పరీక్ష కమిటీలో ఎవరో ఒకరు అడుగుతారు. వాళ్లు అడిగేదేదో నేనే అడిగేస్తే సరిపోతుంది కదా."

కోడలికి అప్పుడు అర్థమైంది, ఈ పరీక్ష తప్పితే వ్యాసం చింపుకోవడమే అని. అయినా పల్సుల్ని వదిలి పంపే పరికరం దగ్గరికి వెళ్లి దాన్ని మార్చింది. లేజర్ చప్పుడు లేకుండా తన పని తను చేసుకుపోతోంది. పొడవాటి పట్టాల మీద అద్దం నెమ్మదిగా జరగడం మొదలైంది. అద్దం జరిగినకొద్దీ, స్పిన్‌లను చూసొచ్చే రెండో సన్నటి వెలుగు నడిచే దారి పెరుగుతుంది, అంత ఆలస్యంగా పలకను చేరుతుంది. ఆ ఆలస్యాలన్నీ ఒక్కో చుక్కగా తెర మీద పడతాయి.

చుక్క పడింది. నేల మట్టానికి ఉంది. మరో చుక్క. అదీ అంతే. చుక్కల వరస చదునుగా సాగుతూ పోయింది. ఎడం ముందున్నదానికి రెట్టింపు. పెద్దమేడమ్ గీత ప్రకారమైతే ఆ ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి మరిచిపోయి ఎప్పుడో యుగాలయింది.

"ఏమీ లేదు" అంది పెద్దమేడమ్. గెలిచినట్టు కాదు. ఆ రెండు మాటల్లో కాస్త దిగులు ఉందని ఆవిడకే వినపడి, ఆశ్చర్యపోయింది.

కోడలు అద్దాన్ని ఆపలేదు.

అద్దం ఇంకొంచెం జరిగింది. ఒక చుక్క వెంట్రుకవాసి పైకి పడింది. తరవాతిది కిందికి. ఆ తరవాతిది ఇంకా పైకి. చుక్కలు పైకీ కిందికీ ఊగుతూ, ఊగుతూ, కొత్త పల్స్ వచ్చే చోటి ముందు చిన్న అలగా లేచాయి. పాత చోట అల ఆనవాలు కూడా లేదు. అది కదిలి వచ్చింది. ఎక్కడ నిలబడాలో అక్కడే నిలబడింది.

పెద్దమేడమ్ కళ్లద్దాలు తీసి నుదుటి మీదికి నెట్టేసుకుంది.

"మేడమ్, కళ్లద్దాలు" అంది కోడలు కంగారుగా. గదిలో లేజర్ వెలుగుతుండగా కళ్లద్దాలు తీసినవాళ్లను గది బయట నిలబెట్టే మనిషి ఆవిడే. ఆవిడకు వినపడలేదు. కోడలే వెళ్లి, చంటిపిల్లకు టోపీ సర్దినట్టు, వాటిని కిందికి లాగింది.

పెద్దమేడమ్ చూస్తున్నది తెరను కాదు. బల్ల ఆ చివర, ఉక్కు గుండిగలో, చలిలో, చీకట్లో ఉన్న ఆ గోరంత పలక వైపు చూస్తోంది. అందులో లక్షల ఎలక్ట్రాన్లు ఒక్కొక్కటీ ఒంటరిగా, పక్కదాని ఊసు లేకుండా, వందల చుట్లు తిరిగాయి. ఏదీ దేన్నీ చూసుకోలేదు. అయినా అన్నీ ఒక్క క్షణానికి, ఒక్క దిక్కుకు ముఖం తిప్పి నిలబడ్డాయి. ఎవరూ పిలవలేదు. పిలవబోతున్నారంతే. రెప్ప వాల్చి ఎత్తేలోపు ఇది లక్షల సార్లు జరుగుతోంది. ఇన్నేళ్లూ ఆవిడ పాఠాలు చెబుతూ, మీటింగులకు వెళ్తూ, ఇంట్లో అలిగి తలుపేసుకుంటూ ఉన్నప్పుడు కూడా, ఇలాంటి పలక ఎక్కడున్నా ఇలా చేయడానికి సిద్ధంగానే ఉంది. చూసేవాళ్లే లేరు.

ఆవిడ ఒళ్లు గగుర్పొడిచింది. చేతి మీద లేచిన వెంట్రుకలను రెండో చేత్తో నిమురుకుంది.

"మళ్లీ తియ్యి" అంది.

అద్దం వెనక్కి వెళ్లి మళ్లీ బయల్దేరింది. ఈసారి అల ఇందాకటికన్నా ఎత్తు లేచింది. మూడోసారి తీస్తే ఇంకా ఎత్తు.

"ఎందుకు పెరుగుతోంది?"

"లేజర్ కుదురుకుంటోందేమో మేడమ్. ఎడం మార్చాక కాసేపు తీసుకుంటుంది."

పెద్దమేడమ్ తల ఊపింది గానీ, ఆ జవాబు ఆవిడకు పూర్తిగా దిగలేదు. అయితే అప్పటికే మధ్యాహ్నం దాటింది, కోడలి పెదవులు ఎండిపోయి ఉన్నాయి. పలక మీద వెలుగు పడకుండా మూత దించి, అయస్కాంతాన్ని అలాగే ఉంచి, ఇద్దరూ బయటి వరండాలోకి వచ్చారు.

డబ్బా తెరిస్తే రెండు చెంచాలు కనపడ్డాయి. పెద్దమేడమ్ వాటిని చూసి, "వీడికి పెళ్లయ్యాక తెలివి వచ్చింది" అంది.

కోడలికి నవ్వొచ్చింది గానీ, నవ్వబోయి కళ్లనీళ్లు పెట్టుకుంది. నియమం సంగతి ఇద్దరికీ గుర్తులేదు.

"నాకు నిద్ర పట్టడంలేదు అత్తయ్యా. అది కనపడ్డ రోజు ఎగిరి గంతెయ్యాల్సింది పోయి, మీకెలా చెప్పాలా అని కూర్చున్నాను. పుస్తకాల్లో మీ పేరుతో ఉన్నది అదొక్కటే. దాన్ని నేను చెరిపేస్తే, బయటివాళ్లు అనేది సరే, మీరు నన్ను రోజూ ఎలా చూస్తారు?"

"ఎదురుగానే చూస్తాను. ఒకే ఇంట్లో ఉంటున్నాం, ఇంకెలా చూడను?" పెద్దమేడమ్ ముద్ద మింగి, నీళ్లు తాగింది. "నేను అలిగింది గీత పోతుందని కాదు. నువ్వు 'తప్పేమో' అన్నావే, ఆ 'ఏమో' నాకు నచ్చలేదు. తప్పు అనుకుంటే తప్పను. చేతిలో లెక్క పెట్టుకుని నసుగుతావేం? నా ముందు నసిగితే కమిటీ ముందు ఏం మాట్లాడతావు?"

"ఆ సంగతి ఆ రోజే చెప్పొచ్చుగా?"

"అలిగాక చెబుతారా ఎవరైనా?"

ఈసారి కోడలు నిజంగానే నవ్వింది. పెద్దమేడమ్ చెంచాతో డబ్బా అంచు గీకుతూ కూర్చుంది. "నా పేరున వీధి లేదు, భవనం లేదు. ఒక్క గీత ఉండేది. అదీ నువ్వే లాక్కున్నావు. పోనీలే, ఇంటి సొత్తు ఇంట్లోనే ఉంది" అంది. గొంతు తగ్గించి, "అది కదిలి వచ్చి నిలబడ్డప్పుడు చూశావా? ఈ వయసులో అలాంటిది చూస్తాననుకోలేదు" అని, డబ్బా మూత పెట్టేసింది. "పద. సంతకం పెడతాను, పంపించెయ్. రేపు ఆ పెద్దమనుషులు వచ్చేసరికి చేరిపోయి ఉండాలి."

తిరిగి లోపలికి వచ్చేసరికి గది చల్లగా, చీకటిగా ఉంది. కోడలు వ్యాసం చివరి పేజీ తెచ్చి కలం చేతికిచ్చింది. పెద్దమేడమ్ కలం తీసుకుని, "ఒక్కసారి చూసి పెడతా. మూత తియ్యి" అంది. చంటిపిల్ల నిద్రపోతోందని తెలిసినా ఉయ్యాల గుడ్డ పక్కకు లాగి చూస్తారే, అలా.

కోడలు మూత తీసింది. వెలుగు పలక మీద పడీ పడగానే అద్దం కదిలింది. ఇందాకటిలాగే మొదటిసారి చిన్న అల లేస్తుందనీ, రెండోసారికి, మూడోసారికి పెరుగుతుందనీ ఇద్దరూ అనుకున్నారు.

మొదటిసారే అల నిండుగా లేచింది. వాళ్లు భోజనానికి లేచినప్పుడు ఎంత ఎత్తున వదిలి వెళ్లారో దాదాపు అంత ఎత్తునే ఉంది.

కలం కాగితం మీద ఆనించబోయిన చెయ్యి గాల్లో ఆగిపోయింది. పెద్దమేడమ్ కలానికి మూత పెట్టేసింది.

"వ్యాసం పంపొద్దు" అంది.

"తప్పా అత్తయ్యా?"

"తప్పు కాదు. సగం." "ఇందాక అల పెరగడానికి చాలాసేపు పట్టింది. లేజర్ కుదురుకుంటోందన్నావు. లేజర్ పొద్దుటి నుంచీ ఆగలేదు, మనం మూసింది పలక ముందున్న మూత ఒక్కటే. అంటే పెరిగింది లేజర్ వల్ల కాదు. పలకలోనే ఏదో నెమ్మదిగా కుదురుకుంటోంది. ఇప్పుడు చెప్పు. మూత వేసిన మరుక్షణమే విజిల్ ఆగిపోయింది. ఎలక్ట్రాన్ల జ్ఞాపకం ఎంతసేపు? మనం మూత మీంచి చెయ్యి తీసేలోపే అవి అన్నీ మరిచిపోయి ఉంటాయి. పిల్లలంతా ఇళ్లకు వెళ్లిపోయారు, మైదానం ఖాళీ. మనం తీరిగ్గా తిని, ఏడ్చి, నవ్వి వచ్చాం. రాగానే మొదటి విజిల్‌కే అందరూ బయల్దేరిన చోట హాజరు. అంతసేపు ఆ చీకట్లో మన విజిళ్ల తాళాన్ని గుర్తుపెట్టుకుని కూర్చున్నదెవరు?"

కోడలు తెర వైపు చూసింది, పలక వైపు చూసింది. ఆ ఉక్కు గుండిగలో ఎలక్ట్రాన్లు కాక ఇంకెవరో ఉన్నారు. పొద్దుటి నుంచీ వింటున్నారు. నేర్చుకున్నారు.

"కానీ పంపకపోతే గది పోతుంది అత్తయ్యా."

పెద్దమేడమ్ జవాబు చెప్పేలోపు గుమ్మం తెర కదిలి చలిమామ తల లోపలికి వచ్చింది. మెట్లు ఎక్కి వచ్చినట్టున్నాడు, ఆయాసపడుతున్నాడు.

"అమ్మా, కమిటీవాళ్లు రేపు కాదంట. వేరే పనేదో పడిందని ఇప్పుడే వచ్చేశారు. కింద అంతస్తు చూసేశారు, మెట్లెక్కుతున్నారు. వాళ్లలో ఒక లావుపాటాయన ప్రతి గదిలోనూ ఎన్ని కంప్యూటర్లు పడతాయా అని కొలుస్తున్నాడు."

"మంచిదే" అంది కోడలు, ఊపిరి కూడదీసుకుని. "తెర మీద అల ఉంది. కళ్లారా చూస్తారు. వ్యాసం లేకపోయినా ఇది చాలు."

వరండాలో బూట్ల చప్పుడు మొదలైంది. ఎవరో గట్టిగా నవ్వారు.

పెద్దమేడమ్ లేచి, బల్ల చుట్టూ నడిచి వెళ్లి, మూత మీద చెయ్యి వేసింది.

"అత్తయ్యా, వద్దు. వాళ్లొచ్చేసరికి తెర మీద ఉత్త గీత ఉంటుంది."

"ఉంటుంది" అంది ఆవిడ. ఆ కళ్లలో మెరుపు కోడలు ఎన్నడూ చూసింది కాదు. "ఇందాక ఎంతసేపు గుర్తుందో చూశాం. దానికి రెట్టింపుసేపు ఉంటుందేమో చూడాలి. ఉత్త గీతలోంచి వాళ్ల కళ్లముందే మొదటి విజిల్‌కే అల లేచిందంటే ఈ గదిని ఎవరూ ముట్టుకోరు. ఆ పెద్దమనుషులను అంతసేపు ఈ చీకట్లో కూర్చోబెట్టే పూచీ నీది. ఏం చెబుతావో నీ ఇష్టం, నసక్కుండా చెప్పు."

ఆవిడ మూత దించింది. తెర మీద అల చదునైపోయింది. గుమ్మానికున్న నల్లటి తెరను బయటి నుంచి ఎవరో పక్కకు లాగారు.